తడవని అన్నం మూట

పోయిన నెలలో కొల్లేటి లంక నుంచి నాకు పోస్టులో ఒక లావుపాటి కవరు వచ్చింది. నేను వయసులో ఉండగా నాలుగేళ్ళు ఉపదేశిగా పనిచేసిన చిన్న క్రైస్తవ గుడి వాళ్ళు, గుడి కట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని ఒక సంచిక వేస్తున్నారట; అందులో నన్ను గురించి రాసిన రెండు పేజీలు పంపి, తప్పులుంటే దిద్ది వారంలోగా తిరిగి పంపమని రాశారు. కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని ముచ్చటగా కూర్చున్నాను. అక్షరదోషాలు రెండు మూడు కనిపిస్తే దిద్దాను కూడా. రెండో పేజీ సగానికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రెండేళ్ళుగా ఒకే కప్పు కింద మాటల్లేకుండా ఉన్న ఒక ఇంటివారిని నేను ఒక్క శనివారం సాయంత్రం సమాధానపరిచాననీ, ఆనాటి నుంచి ఆ ఇంట ఆ మాట మళ్ళీ ఎత్తినవారు లేరనీ అక్కడ ఉంది. ఆ వాక్యంలో అక్షరదోషం ఒక్కటీ లేదు. మాట ఎత్తినవారు లేరన్నదీ నిజమే. ఎత్తబోయిన ఇద్దరి నోళ్ళూ మూయించినవాణ్ణి నేనే కనక, అది ఎంత నిజమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా ఈడు వాళ్ళకి ఉపదేశి అంటే ఎవరో చెప్పక్కర్లేదు గాని, ఇప్పటి పిల్లల కోసం ఒక్క మాట. ఆ రోజుల్లో పది పన్నెండు ఊళ్ళకి ఒక పాదిరీ అయ్యగారు ఉండేవారు. ఆయన అటు ముదినేపల్లి వైపూ ఇటు ఉండి వైపూ తిరిగి తిరిగి, మూడు నెలలకొకసారి గాని ఒక ఊరికి రాలేకపోయేవారు. తక్కిన రోజులన్నీ ఊళ్ళోనే ఉండి, పగలు పిల్లలకి అక్షరాలు చెప్పి, ఆదివారం ఆరాధన జరిపించి, జ్వరం వచ్చినవాడి మంచం పక్కన కూర్చుని, ఉత్తరాలు రాసి, ఉత్తరాలు చదివి, ఎవరికి ఏ కష్టం వచ్చినా ఏదో ఒక మాట చెప్పి పంపవలసినవాడు ఉపదేశి. పంతొమ్మిది వందల ముప్ఫైల్లో నేను ఏలూరులో ట్రైనింగు ముగించుకుని ఆ లంకకి వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న నన్ను ఆస్పత్రిలో కాంపౌండరుగా చూడాలనుకున్నాడు. సీసాల మీద చీటీలు చదవడం కన్నా మనుషుల మనసులు చదవడం గొప్ప పని కదా అని ఆయనతో వాదించి వచ్చాను. ఆ వాదన ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. చీటీ తప్పు చదివితే ఏమవుతుందో కాంపౌండరుకి ముందే నేర్పుతారు, నాకు ఎవరూ నేర్పలేదు.

పెదపాడు దాకా బండి మీదా, అక్కణ్ణుంచి గట్ల వెంట కాలినడకనా వెళితే, చివరికి తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఎక్కి గాని ఆ ఊరు చేరలేము. నీళ్ళు తీసిన కాలంలో లంకవాళ్ళు వరి వేసేవారు, నీళ్ళు నిండిన కాలంలో చేపలు పట్టేవారు. చలికాలం వచ్చిందంటే గూడబాతులు దిగి సరస్సంతా తెల్లబడేది. కిక్కిస పొదల మధ్య దారి తెలియక నేను ఎన్నిసార్లు తప్పిపోయానో లెక్కలేదు. తప్పిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు గడ వేసుకుంటూ వచ్చి, నవ్వు దాచుకుంటూ నన్ను ఒడ్డున దింపేవారు. అంత మంచివాళ్ళు ఆ ఊరివాళ్ళు. నేను చెప్పిన మాట కాదనేవాళ్ళు కాదు. అదే నా పాలిట పెద్ద ఆపద అయింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. అయ్యగారు వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి ముందురోజు, శనివారం పొద్దు వాలేలోగా, ఊళ్ళో మాటల్లేనివాళ్ళంతా గుడి ముందుకు వచ్చి సమాధానపడాలి. పెద్దల ఎదుట ఒకరి చేతుల మీద ఒకరు నీళ్ళు పోసుకోవాలి. అప్పుడు ఊరి పెద్ద, "ఈ మాట ఇక్కడితో నీళ్ళలో కలిసిపోయింది" అనేవాడు. అలా కలిసిన మాటని మళ్ళీ ఎవరూ బతికుండగా ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళకి ఆ పై భోజనంలో రొట్టె ఉండదు. రానివాళ్ళ పేర్లు నేను ఒక చిన్న నోటుబుక్కులో రాసి అయ్యగారికి ఇవ్వాలి. వాటిని ఆపిన పేర్లు అనేవారు. నా కన్నా ముందున్న ఉపదేశి కాలంలో ప్రతిసారీ ఆరో ఏడో పేర్లు ఆపేవారట. నేను వెళ్ళిన ఏడాదికే అవి మూడుకి దిగాయి, తర్వాత ఒకటికి. బుధవారం నుంచే ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. "శనివారం వచ్చిందంటే మా ఉపదేశిగారు పిల్లికీ కొర్రమీనుకీ కూడా చేతులు కలిపించేస్తారండోయ్" అని రేవులో ఒక ముసలాయన నన్ను ఆటపట్టిస్తే, నేను దాన్ని బిరుదులా మోసుకు తిరిగాను.

అప్పటి నా నమ్మకాలు నాకు బాగా గుర్తున్నాయి. ఏ తగువులోనైనా తప్పు ఇద్దరిదీ ఉంటుందనీ, ఇద్దరూ చెరో అడుగు వేస్తే సరిపోతుందనీ, కష్టంలో ఉన్నవాడికి దారి తెలియదు గనక తెలిసిన నేను చూపాలనీ నమ్మేవాణ్ణి. పాత సంగతులు కెలికితే పుండు పెద్దదవుతుందని నమ్మేవాణ్ణి. అన్నిటికన్నా గట్టిగా నమ్మింది, మనిషి ఏడుపు ఆపితే మేలు చేసినట్టే అని. ఈ నమ్మకాల్లో చెడ్డది ఏదీ లేదు, విడివిడిగా చూస్తే. అయ్యగారికి మాత్రం నా ఉత్సాహం అంతగా నచ్చేది కాదు. ఆయన పడవ దిగి, ఒడ్డున బోర్లించిన దోనె మీద కూర్చుని, నా నోటుబుక్కు తిరగేసి, "ఒక్క పేరేనా ఆపింది? ఏవయ్యా, ఊళ్ళో ఉన్నది మనుషులా, దేవదూతలా?" అనేవారు. మెచ్చుకోలు వేళాకోళంగా చెబుతున్నారనుకుని నవ్వేవాణ్ణి.

ఆ మిగిలిన ఒక్క పేరే నేను చెప్పబోయే ఇంటి పెద్దకోడలిది.

ఆ ఇంట అన్నదమ్ములిద్దరు. నేను ఊరికి రాకముందు ఒక వానకాలంలో ఇద్దరూ కలిసి ఒకే దోనెలో వేటకి వెళ్ళారు. సాయంత్రానికి తమ్ముడు ఒక్కడే తిరిగి వచ్చాడు. గాలివానకి దోనె తిరగబడిందనీ, అన్న చిక్కలేదనీ చెప్పాడు. మూడోనాడు శవం కిక్కిసలో దొరికింది. అప్పటికి పెద్దకోడలు కడుపుతో ఉంది. తండ్రి పోయిన నాలుగు నెలలకి ఆడపిల్ల పుట్టింది. ఆ మీదట రెండేళ్ళపాటు ఆమె మరిదితో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, అతని కంచంలో అన్నం వడ్డిస్తూ, అతను ఉన్నవైపు చూడకుండా బతికింది. శనివారం వచ్చి చేతుల మీద నీళ్ళు పోయమంటే పోయనంది. అందుకని ప్రతిసారీ ఆమె పేరు ఆపేవారు. తల్లి ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రావడం లేదని బిడ్డ బాప్తిస్మం కూడా ఆగిపోయి ఉంది.

అలా రెండేళ్ళు నిండిన తడవ, అయ్యగారు రావలసిన వారం గురువారం నాడు నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని తుంగచాప అల్లుతోంది. పిల్ల పక్కన పడుకుని ఉంది. నేను కూర్చుని, రావలసిన మాటకి వచ్చాను. ఆమె చేతులు ఆపకుండానే, "మా మరిదంటే నాకు కోపం లేదండి" అంది.

"కోపం లేకపోతే చేతుల మీద నీళ్ళు పోయడానికేమమ్మా?"

"ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి చెప్పమనండి, ఉపదేశిగారండి. ఆ తర్వాత చేతులేంటండి, కాళ్ళ మీద పొయ్యమన్నా పోస్తాను."

"క్షమించడానికి షరతులు పెట్టకూడదు తల్లీ."

"క్షమించటానికి కాదండి." ఇప్పుడు చేతులు ఆపింది. "మూట తడవలేదండి. పొద్దున నేను కట్టిచ్చిన అన్నం మూట. సాయంత్రం ఆయన దోనెలోంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు, పొడిగా ఉందండి. ముడి కూడా విప్పలేదు. దోనె తిరగబడితే మూట ఎలా తడవకుండా ఉంటదండి?"

"మూట సంగతి దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నాను.

"దేవుడు చూసే ఉంటాడండి. నాకే తెలీదు" అంది, మళ్ళీ చాప అందుకుంది.

ఆ మాట దగ్గర నేను ఆగవలసింది. ఆగి, ఇంకేమి చెబుతుందో అని ఎదురు చూడవలసింది. కాని నా మనసులో అప్పటికే ఆమె కథ నేను రాసేసుకున్నాను: మరిది అన్నని ఏదో చేశాడని అనుమానం, అనుమానం వల్ల పగ, పగకి మందు క్షమాపణ. అందుకని బిడ్డ మాట ఎత్తాను. నీ పట్టుదలకి పసిదాన్ని ఎన్నాళ్ళు గుడి బయట ఉంచుతావు తల్లీ అన్నాను. అది న్యాయమైన మాట కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు, కాని పనిచేసే మాట అనీ తెలుసు. ఆమె పిల్ల మీద ఈగని తోలి, తల వంచుకుని, "సరేనండి, మీ ఇష్టం" అంది. నేను ఇంటికి పోయి నోటుబుక్కులో ఆ పేరు పక్కన ఒక గీత గీశాను.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం, పక్క లంకలో నాలుగిళ్ళవాళ్ళకి అయ్యగారి రాక చెప్పిరావాలంటే, దోనె వేసుకుని వచ్చినవాడు ఆ మరిదే. మనిషి నా కన్నా రెండు మూడేళ్ళు పెద్ద. మాట తక్కువ. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. కిక్కిస మధ్య సన్నటి కాలువలోకి వచ్చాక గడ వేయడం ఆపేశాడు. దోనె తన వేగాన తాను కొంత సాగి నిలబడింది.

"ఉపదేశిగారండి."

"ఊఁ" అన్నాను, నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా.

"ఆ రోజు దోనె తిరగబడలేదండి."

అప్పుడు తల ఎత్తాను. అతను నన్ను చూడటం లేదు. గడ చివర నుంచి కారుతున్న నీటిచుక్కల్ని చూస్తున్నాడు. "అన్నయ్యేమోనండీ..." అని ఆగి, గొంతు సవరించుకున్నాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దయ్యా. రేపు సాయంత్రం నీళ్ళలో కలిసిపోయే మాట, ఇవాళ కెలుక్కోవడం ఎందుకు? జరిగింది దేవుడికి తెలుసు, చాలు. రేపు మీ వదిన ఎదుట, తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే మన్నించు వదినా అను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

"అంతేనంటారాండి?"

"అంతే."

"చదువుకున్నోరు మీరు. మీరెలా అంటే అలాగేనండి" అన్నాడు. ఇబ్బందిగా నవ్వి, గడ నీళ్ళలో వేశాడు. ఆ పక్క లంకకి వెళ్ళి వచ్చేదాకా ఇద్దరం గూడబాతుల గురించి మాట్లాడుకున్నాం.

ఎందుకు ఆపాను అని నన్ను నేను ఈ ముప్ఫై ఏళ్ళలో అడగని రోజు లేదు. అతని మేలు కోరి అని కొన్నాళ్ళు చెప్పుకున్నాను. అతను ఏదైనా ఘోరం చెబితే పోలీసులదాకా పోతుంది, ఆ ఇల్లు కూలిపోతుంది అని. పెద్దకోడలి మేలు కోరి అని కొన్నాళ్ళు. ఇప్పుడు యాభై దాటి, దాచుకోవడానికి ఏమీ మిగలని వయసులో, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నాకు భయం వేసింది. వింటే అది నేను మోయాలి. శనివారం ఒక్కరోజే ఉంది. ఒక్క పేరూ ఆపని నోటుబుక్కు అయ్యగారి చేతిలో పెట్టాలని నాకు ఉంది. ఆ మనిషి రెండేళ్ళు గొంతులో పెట్టుకుని తిరిగిన మాట నా ముందు దించబోతే, దించడానికి చోటు లేదని చెప్పాను.

శనివారం సాయంత్రం గుడి ముందు ఊరంతా చేరింది. మరిది నేను నేర్పిన మాట నేర్పినట్టు చెప్పాడు. పెద్దకోడలు చెంబు ఎత్తి అతని చేతుల మీద నీళ్ళు పోసింది. సగం నీళ్ళు నేల మీద పడ్డాయి. అతను పోసేటప్పుడు ఆమె అతని ముఖంలోకి చూసింది, రెండేళ్ళలో మొదటిసారి. ఇప్పుడైనా చెబుతాడేమో అని చూసిందని నాకు ఆనాడు తోచలేదు. ఊరి పెద్ద, మాట నీళ్ళలో కలిసిందన్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. మర్నాడు తల్లీ బిడ్డా గుడిలోకి వచ్చారు, బిడ్డకి బాప్తిస్మం అయింది. అయ్యగారు నా ఖాళీ పేజీ చూసి నోటుబుక్కు మూసి నా చేతికిచ్చారు. ఈసారి వేళాకోళం కూడా చేయలేదు.

ఆ మీదట ఆరు నెలలు తిరక్కుండా మరిది కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువే కనక ఎవరూ ఆశ్చర్యపడలేదు. పెద్దకోడలు బిడ్డని తీసుకుని తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పనికి పోయింది. నన్ను ఏలూరు ట్రైనింగు స్కూలుకి తీసుకున్నారు, కొత్త ఉపదేశులకి పాఠాలు చెప్పమని. ఏమి పాఠం చెప్పేవాణ్ణనుకుంటున్నారు? మనుషుల మధ్య పగలు ఎలా చల్లార్చాలి అన్నది. ఉదాహరణగా ఆ ఇంటి కథే చెప్పేవాణ్ణి. దోనెలో జరిగిన సంభాషణ మాత్రం చెప్పేవాణ్ణి కాను.

ఏలూరులో నేను తివాచీలు నేసే వీధిలో ఒక సాయిబుగారి ఇంట్లో ఒక వాటా తీసుకుని ఉండేవాణ్ణి. ఆయన ముసలివారు. మగ్గం ముందు కూర్చుని పొద్దస్తమానం రంగు ఉన్ని ముళ్ళు వేస్తూ ఉండేవారు. ఆ వీధి ఆడవాళ్ళు ఏ కులం వాళ్ళైనా, కష్టం వస్తే ఆయన మగ్గం పక్కన వచ్చి కూలబడేవారు. చెప్పుకున్నంతసేపు చెప్పుకునేవారు. ఆయన చేతులు ఆగేవి కావు, ముఖం పక్కకి తిరిగేది కాదు. వాళ్ళు చెప్పడం ఆపాక, "ఇంకా ఏమన్నా ఉందా అమ్మా?" అనేవారు. అంతే. ఉంటే చెప్పేవారు, లేకపోతే కళ్ళు తుడుచుకుని లేచి పోయేవారు. ఒక్క సలహా కూడా చెప్పని ఈ ముసలాయన దగ్గరికి ఎందుకు వస్తారో నాకు అర్థమయ్యేది కాదు. లోపల గదిలో కూర్చుని నేను మర్నాటి పాఠం రాసుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ వసారాలోకే పెద్దకోడలు వచ్చింది. పిల్లకి అయిదారేళ్ళు ఉంటాయి, చెయ్యి పట్టుకుని ఉంది. రంగూన్ నుంచి ఎవరో ఉత్తరం రాశారట, మరిది జ్వరంతో పోయాడని. కూర్చోమంటే గుమ్మం దగ్గరే కూర్చుంది.

"నీళ్ళలో కలిసిన మాట ఎత్తకూడదని తెలుసండి" అంది. "ఆయనే పోయాడు కదా, ఇంక తప్పు లేదేమోనని వచ్చాను. మీరు ఆయన దోనెలో తిరిగేవోరు. మీతో ఎప్పుడన్నా ఏవన్నా అన్నాడాండి?"

నేను జవాబు చెప్పేలోగా తానే అందుకుంది. మాటలు కూడబలుక్కుని వచ్చినట్టుంది, ఒక్క ఊపిరిలో చెప్పింది. "ఆ పొద్దున ఇల్లు కారతందని మా ఆయన్ని తిట్టానండి. నువ్వున్నా ఒకటే లేకపోయినా ఒకటే అన్నాను. మా ఆయన మారుమాట అనలేదు. మూట కూడా నా చేతిలోంచి తీసుకోలేదండి, మా మరిది తీసుకున్నాడు. ఆ మనిషికి ఈత రాకపోవడం కాదండి, పుట్టిందే నీళ్ళలో. దోనె తిరగబడకపోతే మరి ఎలా పోయాడండి? కాలు జారాడా, తనంతట తాను దిగిపోయాడా? నాకు అదొక్కటే కావాలండి. మా మరిది మీద నాకు ఏ రోజూ అనుమానం లేదు. తెలిసినోడు ఆయనొక్కడే కదాని ఆయన ముఖం చూళ్ళేకపోయాను."

ఆమె మరిదిని నిందించలేదు. తనని తాను నిందించుకుంటోంది. నేను ఎవరిని క్షమించమని ఆమెని బతిమాలానో, బెదిరించానో, ఆ మనిషి మీద ఆమెకి కోపమే లేదు. నా పాఠాలూ, నా ఉదాహరణా, ఖాళీ పేజీ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అప్పుడైనా చెప్పవచ్చు: చెప్పబోయాడమ్మా, దోనె తిరగబడలేదని అన్నాడు, అన్నయ్యేమో అని మొదలుపెట్టాడు, నేనే ఆపేశాను అని. చెబితే ఆమె నా ముఖాన ఉమ్మవచ్చు. స్కూల్లో తెలియవచ్చు.

"లేదమ్మా. నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నాను.

ఆమె తల పంకించింది. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. "ఆయ్. అయితే మా మరిది తెలిసే చెప్పలేదండి. నా మీద జాలిపడి చెప్పలేదు" అంది. పిల్లని లేవదీసి, "వస్తానండి" అని స్టేషను వైపు నడిచింది.

అంటే, నా అబద్ధం ఆమెకి ఊరికే జవాబు లేకుండా చేసి ఊరుకోలేదు. భర్త తన మాట వల్లనే పోయాడని ఆమెకి రుజువు చేసింది. అంత వేగంగా, అంత శాంతంగా ఆమె ఆ నిర్ణయానికి వస్తుందని నాకు తెలియదు. వెనక నుంచి పిలవబోయి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. మగ్గం దగ్గర సాయిబుగారి చేతులు ఆగి ఉన్నాయి. ఆయన నా వైపు తిరిగి, "ఇంకా ఏమన్నా ఉందా బాబూ?" అన్నారు. ఏమీ లేదండి అన్నాను. ఆయన ఇంకో ముడి వేసుకున్నారు.

ఆ తర్వాత ఏడాదిలోనే పాఠాలు చెప్పడం మానుకుని హాస్టలు పనికి మారాను. ఎందుకని అడిగినవాళ్ళకి ఆరోగ్యం అని చెప్పాను. హాస్టల్లోనూ మనుషులు కష్టాలు చెప్పుకోవడానికి వస్తూనే ఉన్నారు. ఈనాటికీ అప్పుడప్పుడు వస్తారు. ఇప్పుడు వాళ్ళకి నేను దారి చూపను. వాళ్ళు చెబుతున్న కథని నా మనసులో నేను ముగించను. ఎదుటివాడు గొంతు సవరించుకుంటే చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటాను. ఏడ్చేవాళ్ళని ఏడవనిస్తాను. ఎవరినీ ఎవరి చేతుల మీదా నీళ్ళు పోయమనను; ఆ పని వాళ్ళంతట వాళ్ళకి చేయాలనిపించే రోజు వస్తే వస్తుంది, రాకపోతే లేదు. ముసలాడు మందకొడి అయిపోయాడని మా వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.

సంచిక కాగితాలు వచ్చిన మర్నాడే లంకవాళ్ళకి ఉత్తరం రాసి పెద్దకోడలి అడ్రసు అడిగాను. ఆవిడ పోయి రెండేళ్ళయిందండి, కూతురు గూడెంలోనే టీచరుగా ఉంది అని జవాబు వచ్చింది. అయినా రైలెక్కాను. మిల్లుల వెనక రెండు గదుల ఇల్లు. ఆ అమ్మాయికి ముప్ఫై దాటాయి. ముఖంలో తల్లి పోలికలు, చేతుల్లో దిద్దుతున్న పిల్లల పుస్తకాలు. నేను ఎవరో చెప్పాను. గురువారం గుమ్మం దగ్గర నుంచి ఏలూరు వసారా దాకా, ఏదీ దాచకుండా, ఏదీ మెత్తబరచకుండా మొత్తం చెప్పాను. ఆమె చేతిలో పుస్తకాలు పక్కన పెట్టి వింది.

"ఈ సంగతి తర్వాతైనా మా అమ్మకి చెప్పారాండి?" అంది చివరికి.

"లేదమ్మా."

లేచి లోపలికి పోయింది. రాదేమో అనుకున్నాను. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, "ఎండన పడి వచ్చారు, తాగండి" అని నా చేతికిచ్చింది. నేను తాగుతుంటే నిలబడే చెప్పింది: "మా అమ్మ మిమ్మల్ని ఎప్పుడూ మంచిగానే తలుచుకునేదండి. నాన్న సంగతి నేను అడిగినప్పుడల్లా, ఉపదేశిగారినే అడిగానే, ఆయన అబద్ధం చెప్పరు అనేది."

గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె వీధి గుమ్మం దాకా వచ్చి, స్టేషనుకి దగ్గర దారి ఎటో చూపించింది. మన్నించాననీ అనలేదు, మన్నించననీ అనలేదు. నేనూ అడగలేదు, అడిగి ఆమె చేత ఏదో ఒకటి అనిపించుకునే హక్కు నాకు లేదు.

సంచిక వాళ్ళకి ఆ పేరా కొట్టేసి, దాని బదులు ఈ కాగితాలు పంపుతున్నాను. వేసుకుంటే వేసుకుంటారు. పండగ పుస్తకంలో ఇలాంటిది బాగుండదంటే, ఇంకెక్కడైనా ఎవరైనా వేస్తారు. ఆ ఇంటి మాట నేను నీళ్ళలో కలిపాను గనక, పైకి తీయవలసింది కూడా నేనే.

ఆ ఊరు ఇప్పుడు చాలా మారిందట. గట్టు మీద రోడ్డు పడి బస్సు వస్తోందట, పాదిరీగారు వారం వారం వస్తున్నారట. శనివారపు ఆచారం మాత్రం పోయింది. తగువు పడ్డవాళ్ళు ఏలూరు కోర్టుకి పోతున్నారు, లేదా మాటల్లేకుండానే ఆదివారం పక్కపక్కన మోకాళ్ళూని రొట్టె తీసుకుని వెళ్ళిపోతున్నారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదట. ఇది విని నేను సంతోషించవలసినవాణ్ణి. కాని నాకు దిగులే వేసింది. ఆ ఆచారంలో తప్పు లేదు, పొద్దు వాలేలోగా ముగించాలన్న నా తొందరలో ఉంది తప్పు. మూడు నెలలకొకసారైనా ఒక మనిషి ఇంకో మనిషి గుమ్మంలో వచ్చి కూర్చుని, నీకేం కష్టం వచ్చింది అని అడిగే రోజులవి. అడగడం మాకు వచ్చు, జవాబు వచ్చేదాకా ఆగడమే రాలేదు. ఇవాళ నాకు ఆగడం వచ్చు. ఎంతసేపైనా ఆగగలను. అన్నదమ్ముల్లో చిన్నవాడు ఆ ఎండలో గడ ఆపి మొదలుపెట్టిన వాక్యం ఎక్కడ ముగిసేదో తెలుసుకోవడానికి, దేవుడు ఇంకా ఎన్నాళ్ళు బతకనిస్తే అన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చోగలను. చెప్పేవాళ్ళే లేరు.